చర్చి హాలు మీది గది

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. వంటింట్లో అమ్మ, అమ్మమ్మ, తమ్ముడు థియో, నేను. వెనక గదిలో తలుపు వేసుకుని నోయెల్లా పిన్ని, ఆమె కూతురు మిరై. ఇంటి యజమానికి తెలిసినంతవరకు మేము నలుగురమే. ఐదో మనిషి కనిపిస్తే ఖాళీ చేయిస్తానని ఇల్లు ఇచ్చిన రోజే చెప్పాడు. కానీ పిన్ని ఎక్కడికి పోతుంది? బంగాళాదుంపల తవ్వకం అయిపోయాక ఆమె పని పోయింది, పని పోయాక ఇల్లు పోయింది. నది గడ్డకట్టేదాకా తల్లీకూతుళ్ళు కారులోనే పడుకున్నారు.

అమ్మకి మిల్లులో పని తగ్గించారు. అద్దెకి సాయం చెయ్యమని చర్చి సంఘాన్ని అడిగింది. ఆ సంఘం వాళ్ళు ఎవరింటికైనా ఇద్దరేసి వస్తారు. వంటింటి బల్ల దగ్గర కూర్చుంటారు, పెట్టింది తింటారు, లోపలి గదుల్లోకి అడుగు పెట్టరు. అమ్మ ధైర్యం అదే.

"మిరైని కదలనివ్వకు," అంది అమ్మ, తలుపు సందులోంచి.

"దీని సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు ముందు అమ్మ నోరు కట్టెయ్," అంది పిన్ని.

సంఘం నుంచి చెవులు కప్పే టోపీ పెట్టుకున్న వొయిసీన్ గారు, చేతికర్రతో ఇర్మా గారు వచ్చారు. ఇర్మా గారూ అమ్మమ్మా ఒకే బడిలో చదువుకున్నారు.

"ఏమే ఇర్మా, ఆ మోకాలు ఇంకా నీతోనే ఉందా?" అంది అమ్మమ్మ.

"ఎక్కడైనా వదిలేద్దామంటే మీ మెట్లు ఒప్పుకోలేదే."

వొయిసీన్ గారు అద్దె సంగతులు అడుగుతుంటే అమ్మ ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబులు చెప్పింది. అమ్మమ్మ పొయ్యి దగ్గర ప్లోయ్‌లు పోస్తోంది. అవి ఒకవైపే కాల్చే గోధుమరంగు అట్లు, పైన అంతా కళ్ళు కళ్ళుగా వస్తాయి. అమ్మమ్మ పుట్టింట్లో పన్నెండుమంది పిల్లలు. మొదటి అట్టు పళ్ళెంలో పడగానే అందరినీ పేరుపేరునా పిలవాలి, పిలవకుండా ఎవరూ తినకూడదు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"థియో, మిరై, రండర్రా, చల్లారిపోతాయి," అని కేకేసింది.

వెనక గది తలుపు తెరుచుకుంది. మేజోళ్ళతో మిరై వచ్చి థియో పక్కన కుర్చీ ఎక్కింది.

అమ్మ మొహం పాలిపోయింది. "పక్కింటి పిల్ల," అంది.

మా పక్క ఇల్లంటే పొలం అవతల ఉన్న ముసలి బ్రహ్మచారిది. ఆ సంగతి ఇర్మా గారికి తెలియనిది కాదు. ఆవిడ మిరై అట్టు మీద బెల్లప్పాకం పోసి పళ్ళెం ముందుకు జరిపింది.

"పక్కింటి పిల్లకి ఆకలి బాగానే వేస్తుందే. తిను తల్లీ."

అద్దె తామే యజమానికి కడతామని వొయిసీన్ గారు చెప్పారు. వెళ్ళేటప్పుడు మెట్లు దిగడానికి ఇర్మా గారు నా చెయ్యి పట్టుకుంది.

"ఒడీల్, నేనెవర్నీ చూడలేదు. కానీ చర్చి హాలు మీది గది ఖాళీగా ఉంది. పొయ్యి కూడా వెలిగించి ఉంచాం. తల్లీ బిడ్డా ఎవరైనా ఉంటే మంచు కరిగేదాకా ఉండొచ్చు. ఎవరూ ఏమీ అడగరు. నువ్వు మాట్లాడవని తెలుసు. ఈ ఒక్క మాటా చెప్పు."

ఆ మాటలు మర్చిపోకుండా నాలో నేనే అనుకుంటూ లోపలికి వచ్చాను. పిన్ని అప్పటికే బట్టలు చెత్తసంచిలో కుక్కుతోంది. అమ్మమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను గది సంగతి చెప్పాను. సగంలో మాటలు తడబడ్డాయి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

"పోయిన ఊళ్ళోనూ ఒకావిడ ఇలాగే గది ఇస్తానంది," అంది పిన్ని. "తాళం చేతికి రాకముందే పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్ళొచ్చి మిరైని తీసుకుపోయారు. తిరిగి తెచ్చుకోడానికి వేసవంతా పట్టింది."

"ఈవిడ అలాంటిది కాదు పిన్నీ."

"నీకేం తెలుసు? ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు. అందులో ఒకటి ఆవిడ కోసమా?"

"నోయెల్లా, ఈ చలిలో ఎక్కడికే?" అని అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేనుంటే నీ ఇల్లు కూడా పోతుందే క్లోదెత్. వదులు."

ప్లోయ్‌లు తువ్వాల్లో చుట్టి అమ్మమ్మ నాకిచ్చింది. నేను మంచులో కారుదాకా పరుగెత్తాను. పిన్ని మూట తీసుకుని మిరై ఒళ్ళో పెట్టింది. మా వాకిట్లోంచి చూస్తే పొలాల మీదుగా చర్చి హాలు కనబడుతుంది. పైగదిలో దీపం వెలుగుతోంది.

"అదిగో పిన్నీ, దీపం. పోయేదారే కదా. ఒక్కసారి ఆగి చూడు."

పిన్ని అటు చూసింది. చాలాసేపే చూసింది.

"పక్కకి జరుగమ్మా, పిల్లకి చలి కొడుతోంది," అని కారు తలుపు వేసేసుకుంది.