మునెమ్మ నీడకు తగిన ఇంకు

హోసూరు బాగలూరు రోడ్డులో అమర్‌నాథ్ ఫోటో స్టూడియో పొద్దున తొమ్మిదిన్నరకు తెరుచుకుంటుంది. మొదట ఊదుబత్తి, తరువాత కాఫీ, ఆ తరువాతే గిరాకీ. పాస్‌పోర్టు ఫోటోలు, సీమంతం ఆల్బమ్‌లు, అప్పుడప్పుడూ వెలిసిపోయిన నీడలకు కొత్త ప్రింటు. ఈ చివరి పనికి నలుపు తెలుపు తప్ప పనికిరాదు. పాత డార్క్‌రూమ్ మూతబడింది గనుక మంచి ఇంక్‌జెట్ ప్రింటరు కొనాలని నెల రోజులుగా వీడియోలు చూస్తూ, అడిగినా అడగకపోయినా వివరిస్తూ, అమర్‌నాథ్ తన భార్య సుమ ప్రాణం తోడేస్తున్నాడు.

ఆ సోమవారం వేప్పనపల్లి నుంచి మునెమ్మ వచ్చింది. అరవై దాటాయి, నడుము వంగింది. రామచంద్రప్ప నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. కట్టిన మనిషి నీడ పడితేనే అంటు బతుకుతుంది. ఆమె నీడేమో ఎండకు వెలిసి పాత లుంగీలా అయిపోయింది.

"ఈ తూరి కట్టినవన్నీ ఎండిపోయినాయప్పా. శుక్రవారానికి నీడ లేకపోతే పనికి రావద్దన్నాడు," అంటూ సంచిలోంచి పాత ఫోటో తీసింది. ఇరవై ఏళ్ళ మునెమ్మ ఎండలో నిలబడి ఉంది. పక్కన కారునలుపు నీడ.

అమర్‌నాథ్ ఆగలేకపోయాడు. మధ్యాహ్నానికే ఒక ప్రింటరు తెచ్చేశాడు. నలుపు నలుపే కదా అనుకున్నాడు. అది రంగులన్నీ కలిపి నలుపు చేసే రకమని పెట్టె మీదే రాసి ఉంది. నెల రోజులు వీడియోలు చూసిన మనిషి ఆ ఒక్క ముక్క చదవలేదు!

నీడ ప్రింటును కాళ్ళ కింద పరుచుకుని పది నిమిషాలు ఎండలో నిలబడితే చాలు, అతుక్కుంటుంది. మునెమ్మ అతికించుకుని బస్సెక్కింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చేసింది.

"ఏం నీడప్పా ఇచ్చినావు? పచ్చపచ్చగా ఉంది. మేకలు గడ్డి అనుకోని ఎంటబడినాయి. అంచంతా మేసేసినాయి, చూడు!"

సుమ లోపలికి పోయి కడుపుబ్బ నవ్వుకుని వచ్చింది. ఆమె చీరల అంగడివాళ్ళ ఇంట్లో పుట్టింది. ఏ రంగునైనా వీధి వెలుతురులోకి తెచ్చి చూడందే నమ్మదు.

"ట్యూబులైటు కింద చూసి కొంటే ఇట్లానే అవుతుంది. దీన్ని వాపసు ఇచ్చేయండి. బూడిద రంగు ఇంకులు విడిగా ఉండేది తీసుకుందాం. నేనూ వస్తాను."

అంగడిలో ఒక్కో ప్రింటరుతో ఒక్కో నీడ ముక్క అచ్చు వేయించి, రోడ్డు మీదికి తెచ్చి ఎండలో తిప్పి చూసింది. ఒకటి ఊదాకు తిరిగింది, ఒకటి ఎర్రబారింది. నాలుగోది చూసి "ఇది," అంది. ఈసారి అమర్‌నాథ్ పెట్టె మీద రాసిందంతా చదివాకే డబ్బు కట్టాడు.

గురువారం మునెమ్మ కొత్త నీడ అతికించుకుంది. "చల్లగా ఉందమ్మా," అని మురిసిపోయింది.

శుక్రవారం నర్సరీ గేటు దాకా నీడ బుద్ధిగానే వచ్చింది. అక్కడ ఆగిపోయింది. మునెమ్మ లాగింది, బుజ్జగించింది, కదల్లేదు. అది ఇరవై ఏళ్ళ పిల్ల నీడ. అప్పటికి ఆమె ఎవరి దగ్గరా కూలికి పోలేదు. నీడ గిరుక్కున తిరిగి, బీడు పడిన ఆమె సొంత అర ఎకరం వైపు నడిచింది. మునెమ్మ తిట్టుకుంటూ దాని వెనకే పోయింది.

ఆ రోజు అక్కడే, టెంకల నుంచి మొలిచిన మామిడి మొక్కలకు ముప్పై అంట్లు కట్టింది. ఒక్కటీ ఎండలేదు. వానలు తగ్గుముఖం పట్టేసరికి వేప్పనపల్లి రైతులంతా ఆమె దగ్గరికే వస్తున్నారు. ఒక రోజు రామచంద్రప్ప కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"మునెమ్మా, నాకూ ఒక వంద అంట్లు ఇస్తావా?"

మునెమ్మ నడుమెత్తి ఆయన్ని చూసి నవ్వింది.

"ఇస్తానులే. ఎండలో ఎందుకప్పా, ఇట్లా నా నీడలోకి రా."