జీను దించని గుర్రం

అమెరికాలోని నెబ్రాస్కా గడ్డిమైదానంలో ఆరిన్‌ను అందరూ నెమ్మదైన రైతనే అనుకునేవారు. రైలు దోచి, పేరు మార్చుకుని వచ్చాడని పెళ్లాం లవీనియా ఒక్కదానికే తెలుసు. ఊళ్లో ఎవరో తన కోసం ఆరా తీశారని విన్నప్పటినుంచి, నెల రోజులుగా, అతను గుర్రం మీది జీను దించనే లేదు.

"దాని వీపు పుండైపోతోందయ్యా! నీ భయాన్ని అది మొయ్యాలా?" అంది లవీనియా.

"ఊరుకోవే. ఉరితాడు పడేది నీ మెడకా, నా మెడకా?"

ఆ మధ్యాహ్నం తూర్పున దుమ్ము లేచింది. నలుగురు రౌతులు. ముందువాడి చొక్కా మీద షెరీఫు బిళ్ల మెరిసింది. ఆరిన్ ఒక్క ఉరుకున జీనెక్కాడు. గుర్రం బాధతో అరిచి మోకాళ్ల మీద కూలబడింది. కొట్టాడు, బతిమాలాడు. లేవలేదు. జీను కింద చెయ్యి పెడితే వేళ్లకు చీమూ నెత్తురూ అంటుకున్నాయి.

కాళ్లు పరిగెత్తమంటున్నాయి. ఆ బయలులో ఎంత దూరమని పరిగెత్తుతాడు?

"ఇన్నేళ్లు మోశావు, నీకు నేను చేసింది ఇదా!" అంటూ పట్టీలు విప్పి జీను దించాడు. "లవీనియా, ఉప్పునీళ్లు పట్రా."

"వాళ్లొచ్చేశారయ్యా!"

"రానీ. ముందు దీని పుండు కడగాలి."

నడుముకున్న తుపాకీ తీసి దూరంగా పెట్టి, వస్తున్నవాళ్లకు వీపు తిప్పి కూర్చున్నాడు. లవీనియా తెచ్చిన ఉప్పునీళ్లతో పుండు కడగసాగాడు.