పడమటి సుక్క

సూర్యుడు దిగితే గంగయ్యకు లోకం కళ్ళకు గంతలు కట్టినట్టు మాయమయ్యేది. మొన్నటి వానాకాలం నుంచి ఇదే వరుస. పగలు చేప కంట్లో పొర కూడా చూడగలడు, దీపాల వేళకు మాత్రం ఎదురుగా నిలబడ్డ పెండ్లాం కమలవ్వ కూడా గొంతే తప్ప మనిషి కాదు. ఈ సంగతి ఆమెకు తెలుసు. మిగతా ఊరికి తెలియదని ఇద్దరూ అనుకుంటూ వచ్చారు.

కానీ ఎవరో కచేరీకి అర్జీ పెట్టారు, పొద్దుగూకాక గంగయ్య దోనె ఎక్కితే ప్రాణాల మీద ఆశ వదులుకోవాలని. గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆదిలాబాద్ ఒడ్డుకు జనాన్ని దాటించే రేవు గంగయ్యది. చెక్క భూమి లేదు, చేతికి అందివచ్చిన కొడుకు లేడు. రేవు పోతే గంగయ్యకు గోదారి ఒడ్డున కూర్చుని నీళ్ళ చప్పుడు వినడం తప్ప పని ఉండదు. నిజం ఏమిటో చూసి రమ్మని తాలూకా కచేరీ గుమస్తా బుచ్చిరాములును పంపారు.

సరిగ్గా అప్పుడే పెద్దపల్లిలో సైన్సు చెప్పే ఇబ్రాహీం సారు కబురు చేశాడు. కార్తీక అమావాస్య మరునాడు సాయంత్రం తన స్నేహితులతో నది నడుమకు పోయి చుక్కలు, గ్రహాలు చూడాలట. ఒడ్డు మీది దీపాలు అడ్డం రావట. వద్దనమని కమలవ్వ చెప్పి చూసింది. గంగయ్య వింటేనా! పదిహేను మందిని తీసుకుపోయి ఆకాశమంతా పేరు పేరునా చూపిస్తే ఇక తనను గుడ్డివాడనే మొగోడెవడని వాదించాడు. గుమస్తాను కూడా తానే పిలిచాడు. చేతులారా పిలిచాడు, పాపం.

ఏడు దోనెలను మోకుతో వరుసగా కట్టారు. ముందు దోనెలో గంగయ్య, ఇబ్రాహీం సారు. చివరి దోనెలో హనుమండ్లు, రేవు తనకిస్తే బాగుండునని ఏడాదిగా చూస్తున్నవాడు. బండలు ఎక్కడున్నాయో నీటి చప్పుడే గంగయ్యకు చెప్పింది. దోనె తోసే వెదురు గడె వేసిన ప్రతిసారీ ఇసుక ఎక్కడో, లోతు ఎక్కడో అరచేతికి తెలిసింది. ఒక్క దోనె కూడా దేనికీ తగల్లేదు.

నడిమికి చేరాక సారు మొదలుపెట్టాడు. చుక్క మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదని చెప్పి, నెత్తి మీద ఎర్రగా నిలిచిన అంగారకుణ్ణి చూపించాడు. అందరితో పాటు గంగయ్యా తలెత్తాడు. ఆ తర్వాత సారు ఒక వింత చెప్పాడు. మనం వేగుచుక్క, సందెచుక్క అని రెండు పేర్లు పెట్టి పిలిచేది ఒకటే శుక్రగ్రహమట, కొన్ని నెలలు తెల్లవారుజామున, కొన్ని నెలలు మునిమాపున కనబడుతుందట. గంగయ్య లోపల నవ్వుకున్నాడు. చదువుకున్నవాళ్ళు ఏదైనా అంటారు, రెండు చుక్కలని తన బాపు చెప్పింది అబద్ధమా?

తన వంతు వచ్చింది. కాళ్ళ కింద నీరు లాగుతున్న దిక్కు తూర్పు. అటు చెయ్యి చాపి పిల్లలకోడి అన్నాడు, దాని కిందుగా గొర్రుకొయ్యలు ఇప్పుడే లేస్తున్నాయి అన్నాడు. నలభై ఏళ్ళు చూసిన ఆకాశం, ఎక్కడికి పోతుంది? వెనక దోనెల్లో శభాష్‌లు వినబడ్డాయి. గంగయ్యకు ఒళ్ళు తెలియని సంతోషం కలిగింది. ఎండాకాలమంతా గుట్ట మీద దీపంలా వెలిగిన చుక్క గుర్తొచ్చి వెనక్కు తిరిగాడు.

"గదిగో సందెసుక్క. పడమటి గుట్ట మీద చూడుండ్రి, ఎంత ముద్దుగున్నదో."

నీళ్ళు దోనె అంచును తడుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"అవ్ గంగన్నా," అన్నాడు ఇబ్రాహీం సారు మెల్లగా. "మంచిగ కనబడుతున్నది."

తర్వాత ఒకరొకరే కనబడిందన్నారు. ఆఖరికి బుచ్చిరాములు కూడా, "నాకూ కనబడ్డది," అన్నాడు.

తిరుగు దారిలో సారు అలసిపోయావంటూ గడె హనుమండ్లుకు ఇప్పించాడు. పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారని గంగయ్య మురిశాడు. ఇంటికొచ్చి గడె మూలకు పెట్టించుకుని, ఆ ముచ్చటే చెబుతూ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. కమలవ్వ ఊ కొట్టింది.

తెల్లవారుజామున ఆమె రోజూలాగే లేపింది. "వేగుసుక్క పొడిచింది, లే."

లేవబోయి ఆగాడు. సారు చెప్పిన వింత గుర్తొచ్చింది, రెండు చుక్కలూ ఒకటేనట.

"ఎటు పొడిచింది?"

"ఎటేంది, తూర్పునే. వానాకాలం సంది గక్కణ్ణే గద."

"మరి మాపటికి? పడమట?"

"పడమట ఏమున్నది? ఎండకాలం పోయినప్పటి సంది అటు సుక్కే లేదు."

గంగయ్య మంచం మీదే ఉండిపోయాడు. పదిహేను మంది లేని చుక్కను చూశారు. ఒక్కడు కాదన్నా కొట్లాడేవాడు, మబ్బు అడ్డమొచ్చిందని బుకాయించేవాడు. పట్టుకోవడానికి వచ్చిన గుమస్తాయే కనబడిందన్నాక ఇంక ఎవరితో వాదించాలి? వాళ్ళు తిట్టినా ఇంత సిగ్గయ్యేది కాదు.

కమలవ్వ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "గడె హనుమండ్లుకు ఇచ్చి రా."

కమలవ్వ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నువ్వు బువ్వ తింటున్నప్పుడే వచ్చి సప్పుడు లేకుండ తీస్కపోయిండు," అంది. "గుమస్తా చెప్పిండట. నువ్వు గంత సంబురంగుంటే ఎట్ల చెప్పాలె?"

గంగయ్య లేచి చీకట్లో మూల దాకా నడిచి చెయ్యి చాపాడు. గోడ చల్లగా తగిలింది.