ఇనప నలుసు

తెల్లారేసరికి ఆకాశం బూడిద పోసినట్టుంది. అటు వానా పడదు, ఇటు ఎండా రాదు.

ఎడమ చెవి వినపడటం లేదు. తల తిప్పితే గది తిరుగుతోంది. తలలో గడ్డేమన్నా ఉందేమో, ఎమ్మారై తీయించమన్నాడు డాక్టరు. గడ్డ అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

వెంట మా ఆవిడ, ఆమె తమ్ముడు వచ్చారు. బావమరిదీ నేనూ ఒకే షాపులో ఇనప గేట్లు సానబడతాం. వాడి రాయి పక్కనే నా రాయి.

"భయమెందుకు బావా? తలలో ఏమన్నా ఉంటేగా దొరకడానికి!"

"నోర్ముయ్యరా," అంది వాళ్లక్క. తనూ నవ్వింది.

స్కానింగు అమ్మాయి నా ఉంగరం, బెల్టు, తాళాలు తీయించింది. గుండెకి మిషనేమన్నా పెట్టారా, ఒంట్లో రాడ్లున్నాయా, కంట్లో ఎప్పుడన్నా ఇనుము పడిందా అని వరసగా అడిగింది. లేదమ్మా అన్నాను. దాయాలని కాదు. మా పనిలో కంట్లో నలుసు పడటమంటే చెమట పట్టినట్టే. పక్కవాడు రెప్ప తిరగేసి అయస్కాంతం చూపిస్తాడు. నలుసు వచ్చేస్తుంది, రాయి మళ్లీ తిరుగుతుంది. దాన్ని దెబ్బని ఎవడంటాడు?

తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి మా ఆవిడ గొంతు వినపడింది. "మొన్న వానల్లో కన్ను వాచి పడుకున్నారు కదండీ. వీడే తీశాడుగా నలుసు!"

ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి బాబాయ్ గారూ! లోపలున్నది పెద్ద అయస్కాంతం. స్కాన్ తీయకపోయినా లాగుతూనే ఉంటుంది. కంట్లో ముక్క మిగిలుంటే కదులుతుంది. చూపు పోవచ్చు."

బావమరిది చొక్కా జేబు తడుముకున్నాడు. దారం కట్టిన అయస్కాంతం ఎప్పుడూ అందులోనే ఉంటుంది.

"మొత్తం వచ్చింది బావా... వచ్చిందనే అనుకున్నా." వాడి మొహాన నెత్తురు చుక్క లేదు.

ముందు కళ్లకి ఎక్స్‌రే తీశారు. డాక్టరు చూసి, ఏమీ లేదు, పంపించమన్నాడు. ఆయన మాట చెవికెక్కింది గానీ గుండెకెక్కలేదు.

బల్ల మీద పడుకోబెట్టారు. చెవుల్లో దూది లాంటివి కుక్కి, మొహం మీద ప్లాస్టిక్ పంజరం బిగించారు. చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి, భయమేస్తే నొక్కమన్నారు. కదలొద్దన్నారు. బల్ల గొట్టంలోకి జరిగింది. ముక్కుకి బెత్తెడు దూరంలో పైకప్పు. రేకుల మీద సుత్తితో బాదినట్టు మోత మొదలైంది. షాపులో మోత నా చేతిలో ఉంటుంది. ఇక్కడ నేనే దాని చేతిలో ఉన్నాను.

ఆ కన్నే మండింది. లాగుతోంది అనుకున్నాను. బుడ్డి నొక్కేశాను.

బల్ల బయటికొచ్చింది. అమ్మాయి కన్ను తెరిచి చూసి, గుడ్డతో అద్దింది. "చెమట దిగింది బాబాయ్ గారూ, అంతే."

మళ్లీ లోపలికి పంపింది. ఈసారి కళ్లు మూసుకుని, బుడ్డి పట్టుకుని, కదలకుండా పడున్నాను.

తలలో ఏముందో రేపు చెబుతామన్నారు.

వరండాలో బెంచీ మీద మా ఆవిడ అన్నం డబ్బా విప్పింది. బావమరిది అయస్కాంతం తీసి పక్కన పెట్టాడు. రేకు మూత వెళ్లి దానికి అతుక్కుంది. ముగ్గురం చూశాం. ఎవరం విడదీయలేదు. వాళ్లక్క మా ముగ్గురికీ పెట్టింది. తల వంచుకుని తిన్నాం.