డాన్ దెమెత్రియోని వద్దన్నాం

ఫోను మోగితే చాలు, ఎవరో పోయారనే అనుకుంటాను నేను. అలాంటిదాన్ని కాబట్టే మా అమ్మాయి జొవెలిన్‌కి చెప్పకుండా ఆ పని చేశాను.

జొవెలిన్ ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేస్తుంది. హారో పేటలో, అందరూ గౌరవంగా 'డాన్' అని పిలిచే దెమెత్రియోగారి హోటల్ పనే దాని కొట్టుకి ఆధారం. కిందటి నెల అక్కడ కూరలు, మాంసం నిలవుంచే చల్లగదిలో గ్యాసు కారుతోందని, మిషను ఆపాల్సిందేనని కాగితం మీద రాసిచ్చింది. "బాగుందని రాయి" అన్నాడాయన. ఇది రాయలేదు. అప్పట్నుంచీ నాకు అన్నం సయిస్తే ఒట్టు. పని పోతుంది, కొట్టు మూతపడుతుంది, దాని చంటిబిడ్డ గతేమిటి?

ఇలాంటివాటికి మా ఇలోయిలో ఊళ్ళో ఒకటే మందు. బిడ్డ జ్ఞానస్నానానికి పెద్దమనిషిని జ్ఞానతండ్రిగా ఉండమని అడిగి చుట్టరికం కలుపుకోవడం. అడిగితే కాదనకూడదు, బిడ్డకి అరిష్టం. అడిగినవాళ్ళు వెనక్కి తీసుకుంటే మరీ అరిష్టం. కొబ్బరాకులో చుట్టి ఉడికించిన జిగటన్నం, ఇబోస్, పట్టుకుని వెళ్ళి అడిగేశాను. ఆయన నవ్వాడు. "ఇక మనం మనం ఒకటి. మీ అమ్మాయి ఆ కాగితం మార్చేస్తుందిలే."

ఈ మాట చెప్పగానే జొవెలిన్ చేతిలో పని ఆపేసింది.

"వరస కలిశాక ఆయన్ని కాదనగలనా అమ్మా?"

"కాదనడం దేనికే? అంతటివాడి పరిచయం ఊరికే దొరుకుతుందా?"

"నాకు పరిచయాలు లేవా? పార్టుల కొట్టు నెనీటా అక్క ఆదివారమైనా నాకోసం షట్టరెత్తుతుంది. బెర్తింగన్న ఇదే పనిలో నాకు పోటీవాడు. అయినా నేను నిచ్చెన మీంచి పడ్డప్పుడు నా పనులన్నీ చేసి, 'జొవెలిన్ పంపింది' అని చెప్పొచ్చాడు. నేను తప్పు చేస్తే మొహం మీదే తిడతారు. ఇలాంటివాళ్ళని సంపాదించుకోడానికి తొమ్మిదేళ్ళు పట్టింది నాకు."

"బెర్తింగా! వాడి చొక్కాకి బొత్తాలే ఉండవు!"

"డాన్‌గారి చొక్కాకి ఉన్నాయిగా, ఏం ఒరిగింది? పద, నువ్వే అడిగావు, నువ్వూ రా."

హోటల్లో అందరిముందే చెప్పేసింది. "సార్, మా అమ్మ పిలిచిన పిలుపు వెనక్కి తీసుకుంటున్నాం. కాగితం మారదు."

ఆయన జొవెలిన్‌ని చూడలేదు, నన్ను చూశాడు. "పిలిచి వద్దంటే పసిదానికి మంచిది కాదు. పెద్దదానివి, నీకు తెలీదా?"

జ్వరం, తుఫాను, రోడ్డు మీద దూసుకొచ్చే ట్రైసికిలు బండి, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. అంతలో వంటావిడ చల్లగదిలోంచి దగ్గుతూ బయటికొచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. ఆయన అటు తిరిగైనా చూడలేదు.

"అరిష్టం ఆ గదిలో ఉందయ్యా," అన్నాను. "మా పిల్ల మీదికి తోయకు."

అది నా గొంతేనా అనిపించింది.

"రేపట్నుంచి పనికి రావద్దు," అన్నాడు జొవెలిన్‌తో.

"అలాగే సార్. మిషను మాత్రం ఆపించండి."

ఆదివారం జ్ఞానస్నానానికి చర్చికెళ్తే మా ముందు వరసలోనే డాన్‌గారి మనుషులు కూర్చున్నారు. హోటల్ పని లేదు. కొట్టు ఈ ఏడాది నిలబడుతుందో లేదో తెలీదు. చంటిదాన్ని నేనే ఎత్తుకున్నాను.

"జ్ఞానతండ్రి ఎవరమ్మా?" అని అడిగారు ఫాదర్.

జొవెలిన్ నోరు తెరిచేలోపే, ముందు వరసదాకా వినపడేలా అన్నాను.

"మా బెర్తింగ్, ఫాదర్. ఏసీలు బాగుచేస్తాడు."