విప్పకూడని సంచులు

నేను ఒక పాఠాల పుస్తకాన్ని. పూర్తి పుస్తకాన్ని కూడా కాదు, నమూనా ప్రతిని. నా అట్ట మీద 'పరీక్ష కోసం మాత్రమే' అని వంకరగా ఒక ముద్ర ఉంటుంది. ఆదివారం బడిలో ఆరేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకు చెప్పాల్సిన పన్నెండు పాఠాలు నాలో ఉన్నాయి. పదకొండింటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. పిల్లలు విన్నారు, పాడారు, మరిచిపోయారు. ఆరో పాఠం ఒక్కటే మరిచిపోలేదు.

నన్ను రాసింది కృపానందం మాస్టారు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక మా చర్చి సంఘాల బోధనా కమిటీకి పెద్ద అయ్యారు. ఆయనకు పిల్లలంటే ఇష్టమని అందరూ అనేవారు. పిల్లలు వరుసల్లో కూర్చుంటే ఆయనకు ఇష్టం. ఆ రెండూ ఒకటి కావు.

ఆరో పాఠానికి ఆయన పెట్టిన పేరు 'దేవుణ్ణే నమ్ముకో'. ఆయన బాధ ఆయనకుంది. ఊళ్లలో జనం ఆదివారం చర్చికి వస్తారు, సోమవారం చేతికి మంత్రించిన తాడు కట్టించుకుంటారు. పెద్దవాళ్లకు చెప్పి విసిగిపోయారు. పిల్లల చేత చేయిద్దామనుకున్నారు. మనుషులు తమ చేత కానిదంతా పిల్లలకు అప్పగిస్తారు. పాఠం చివర 'చేసి చూపించు' అనే పెట్టెలో ఆయన ఇలా రాశారు: 'మీ ఇంట్లో తాయెత్తు గానీ, దిష్టి తాడు గానీ, మంత్రించిన నిమ్మకాయ గానీ ఉంటే, చిన్న సంచిలో వేసుకుని, పైన పిడికెడు బియ్యం పోసి ఆదివారం తీసుకురా.'

మా సంఘాల ఇళ్లలో అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం దేవుడి కోసం తీసి పక్కన పెడతారు. కాబట్టి బియ్యం సంచి పట్టుకుని చర్చికి పోయే పిల్లను ఎవరూ ఆపి అడగరు. మాస్టారు అది ఆలోచించే రాశారు.

తర్వాత కమిటీ కూర్చుంది. నన్ను తూచడానికి ఒక ఫారం ఉంది. అందులో ఆరు ప్రశ్నలు. సిద్ధాంతం సరిగా ఉందా? కంఠత పట్టే బైబిలు వాక్యం సరిపోయిందా? బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా? అక్షరాలు తగినంత పెద్దవేనా? పాఠం నలభై నిమిషాల్లో అవుతుందా? ఎంతమంది పిల్లలు చేసి చూపించారు? ఏడో ప్రశ్న లేదు.

ప్లీడరు రత్నరాజు గారు ఆరో పాఠం దగ్గర ఆగారు. పిల్లల చేత తాయెత్తులు తెప్పించారని ఎవరో ఒకరు కేసు పెడితే కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారని అడిగారు. ఎర్ర సిరాతో తాయెత్తును, తాడును, నిమ్మకాయను కొట్టేసి పైన 'దేవుడికంటే ఎక్కువగా నమ్ముకునే వస్తువు' అని రాశారు. ఇంట్లో గొడవలు రాకూడదని ఒక పాస్టరు గారు 'ఎవరికీ చెప్పకుండా' అని కలిపారు. ఏ ఇంటి గుట్టూ పిల్లల మధ్య బయటపడకూడదని మాస్టారే మరో మాట చేర్చారు. ముగ్గురు మంచివాళ్లు, మూడు మంచి సవరణలు. చివరికి నాలో అచ్చయింది ఇది:

'మీ ఇంట్లో దేవుడికంటే ఎక్కువగా నమ్ముకునే వస్తువు ఒకటి కనిపెట్టు. ఎవరికీ చెప్పకుండా సంచిలో వేసి, పైన పిడికెడు బియ్యం పోసి, తెచ్చి చర్చిలో బల్ల కింద పెట్టు. నాలుగు వారాల వరకు సంచులు విప్పకూడదు.'

కమిటీ సంతృప్తిగా టీ తాగింది. నన్ను పరీక్షకు ఈదులపాలెం పంపారు.

అక్కడి ఆదివారం బడి టీచరు సలోమి. మిగతా ఆరు రోజులూ అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పంచేది. పదకొండు మంది పిల్లలు. ముద్రించింది ముద్రించినట్టే చెప్పాలని, ఒక్క మాట కలపకూడదని, తీయకూడదని మాస్టారు ఆమెకు రెండుసార్లు ఫోను చేసి చెప్పారు. అలా అయితేనే పరీక్ష పరీక్ష అవుతుందట. ఐదు పాఠాలు ఆమె అలాగే చెప్పింది.

ఆరో పాఠం రోజు హెప్సిబా లేచి నిలబడింది. ఎనిమిదేళ్లది. తాపీ మేస్త్రి యోనా కూతురు. రెండు జడలు, ఒక పన్ను లేదు.

"టీచరమ్మా, ఎక్కువగా నమ్ముకోటం అంటే ఏంది?"

సలోమి నా వంక చూసింది. నాలో జవాబు లేదు. పేజీ తిప్పి చూసింది. అక్కడా లేదు. పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"అది లేకపోతే బతకలేం అనుకుంటారు చూడు. అదీ," అంది సలోమి.

హెప్సిబా తలూపి కూర్చుంది.

ఆ ఊళ్లో ఒక అలవాటు ఉంది. కంఠత వాక్యం తప్పు లేకుండా చెప్పిన పిల్లకు పాఠాల పుస్తకాన్ని వారం రోజులు ఇంటికి ఇస్తారు, బొమ్మలు చూసుకోవడానికి. ఆ వారం నన్ను హెప్సిబా తీసుకెళ్లింది. తీసుకెళ్లకపోయి ఉంటే నేను కొన్ని సంగతులు చూడకుండా బతికేదాన్ని.

వాళ్లది రెండు గదుల ఇల్లు. టీవీ మీద నన్ను పెట్టి, ఆ పిల్ల వారమంతా వెతికింది. నాన్న గోడల మట్టం చూసుకునే రసమట్టం చేతిలోకి తీసుకుంది, మళ్లీ గూట్లో పెట్టింది. అది లేకపోయినా ఆయన కంటితోనే గోడ లేపుతాడు. ఒకరోజు తన జడక్లిప్పు సంచిలో వేసింది. కాసేపటికి తనే తీసేసింది. దొంగపని చేసినట్టు మొహం పెట్టుకుంది. తేలికైనది ఇవ్వడం ఆ పిల్లకు నచ్చలేదు. అంత నిజాయితీ ఉన్న మనిషిని నేను కమిటీ గదిలో చూడలేదు.

వాళ్ల అమ్మ మార్తమ్మకు ఫిట్సు ఉన్నాయి. పెళ్లికి ముందు నుంచీ ఉన్నాయట. పెద్దాసుపత్రిలో నెలకోసారి మాత్రలిస్తారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మాత్రలు పడ్డాక నాలుగేళ్లుగా ఒక్కసారీ పడిపోలేదు. శనివారం పొద్దున మాత్ర మింగి, కవరు మడిచి దిండు కింద పెడుతూ ఆమె నవ్వుతూ అంది.

"ఇయ్యి లేకపోతే మీ అమ్మ లేదే తల్లీ."

పిల్ల నోట్లో ముద్ద అలాగే ఆగింది. అమ్మ మొహం చూసింది. తర్వాత నా వైపు చూసింది. అప్పుడు నాకు అర్థమైంది. అర్థమై ఏం లాభం? పుస్తకానికి తన గొంతు ఉండదు. చదివేవాడి గొంతే దానిది.

మధ్యాహ్నం మార్తమ్మ బట్టలారేయడానికి బయటికి పోయినప్పుడు పిల్ల దిండు ఎత్తింది. కవరు సంచిలో వేసింది. పైన పిడికెడు బియ్యం పోసింది. చాలదనిపించిందేమో, ఇంకో పిడికెడు పోసింది.

ఆ రాత్రి మార్తమ్మ అలసి, మాత్ర కోసం వెతకకుండానే పడుకుంది. ఆదివారం పొద్దున ఇల్లంతా తిరగేసింది. డబ్బాలు దింపింది, మంచం కింద ఊడ్చింది. యోనా గడ్డం గీసుకుంటూ విసుక్కున్నాడు.

"యాడ పెట్టుకున్నావో నువ్వే చూసుకో. నీ మతిమరుపుకు మందు ఏ ఆసుపత్రిలోనూ లేదు."

"మళ్లీ ఆసుపత్రికి పోయేది పదమూడు రోజులకయ్యా. అప్పటిదాకా ఎట్టా? ఏమే హెప్సీ, నువ్వేమన్నా చూశావా?"

హెప్సిబా సంచి మూతి బిగించింది. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో సంచిని పట్టుకుని గడపలో నిలబడింది. ఎవరికీ చెప్పకుండా అని నాలో ఉంది. చెప్పిన మాట వినే పిల్ల. అందరూ అలాంటి పిల్లలే కావాలంటారు.

చర్చిలో పదకొండు సంచులు బల్ల కిందకు చేరాయి. సలోమి ఒక్కొక్కరి హాజరు కార్డు మీద బంగారు రంగు నక్షత్రం అంటించింది. ఫారంలో ఆరో ప్రశ్న ఎదురుగా 'పదకొండుకు పదకొండు' అని రాసింది.

ఆరాధన అయ్యాక మార్తమ్మ సలోమి దగ్గరకు వచ్చింది. మాత్రల కవరు కనపడటం లేదని, తల తేలిగ్గా ఉన్నట్టుందని చెప్పింది.

"భయపడబాకొదినా. బుధవారం మందులిచ్చే ఏఎన్నెమ్మ వస్తది. అడిగి ఇప్పిస్తాలే," అంది సలోమి.

వాళ్లు మాట్లాడుకుంటున్న చోటికి బల్ల నాలుగు బారల దూరం. నేను సలోమి చంకలో ఉన్నాను. బల్ల కింద సంచులు వరుసగా ఉన్నాయి. వరుస మాస్టారికి నచ్చేటట్టే ఉంది.

మంగళవారం మార్తమ్మ బట్టలు ఉతకడానికి కాలువ రేవుకు పోయింది. మోకాలి లోతు నీళ్లు. ఆ సమయానికి రేవులో ఎవరూ లేరు. ఆమె బోర్లా పడింది. మోకాలి లోతు చాలింది.

ఏఎన్నెమ్మ బుధవారం వస్తుందని సలోమి అంది. బుధవారమే వచ్చింది.

యోనా నెత్తికొట్టుకుని ఏడ్చాడు. మతిమరుపు అని తిట్టిన మాట తలచుకుని మరీ ఏడ్చాడు. భార్య మాత్రలు ఎక్కడో పారేసుకుందనే అతని నమ్మకం. ఈనాటికీ అదే నమ్మకం. ఊరి వాళ్లు ఆమెకు ఆయుష్షు అంతే అన్నారు. మనుషులకు ఆ మాట ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

నాలుగో ఆదివారం, ఆరాధనకు ముందు, సలోమి ఒక్కతే కూర్చుని సంచులు విప్పింది. ఒకదాంట్లో బీడీ కట్ట. ఒకదాంట్లో టీవీ రిమోటు. రెండింట్లో తాయెత్తులు. ఒకదాంట్లో ఎవరి నాయనమ్మవో కట్టుడు పళ్లు. అది చూసి సలోమి నవ్వింది. తర్వాతి సంచి విప్పింది. బియ్యం చాలా ఉన్నాయి. చేయి పెట్టి కవరు బయటికి తీసింది. కవరు మీద ఆసుపత్రి వాళ్లు పెన్నుతో రాసిన పేరు ఉంది.

ఆమె ఆ పేరును రెండుసార్లు చదివింది. వాకిట్లో అలికిడయింది. హెప్సిబా, జడలు సరిగ్గా వేసేవాళ్లు లేక జుట్టు మొహం మీద పడుతూ.

"టీచరమ్మా, నాది దేవుడు తీసుకున్నాడా?"

సలోమి కవరును పైట కింద దాచింది.

"తీసుకున్నాడమ్మా."

"మరి అమ్మను బాగుచేయలేదే?"

సలోమి పిల్లను దగ్గరికి తీసుకుంది. ఈసారి నా పేజీలు తిప్పి చూడలేదు.

ఆ మధ్యాహ్నం పెన్సిలు తీసుకుని ఆరో పాఠం అంచున రాసింది: 'ఈ పాఠం ఆపండి. ఒక పిల్ల వాళ్ల అమ్మ మందులు తెచ్చి సంచిలో వేసింది. ఆ అమ్మ చనిపోయింది.' పిల్ల పేరు రాయలేదు. పదిమందికీ తెలిస్తే ఆ పిల్ల చెవిన పడుతుంది. పడితే ఆ పిల్ల బతుకు అక్కడితో సరి. కవరును మాత్రం పొయ్యిలో వేసింది.

నన్ను తీసుకుని బస్సెక్కి కమిటీకి తనే వచ్చింది. మాస్టారు అంచున రాసింది చదివి కళ్లజోడు తుడుచుకున్నారు. చదివి కదలలేదని చెప్పను. కదిలారు. తర్వాత ఫారం దగ్గరికి లాక్కున్నారు.

"పేరు చెప్పమ్మా. రాసుకోవాలి కదా."

"చెప్పనండి."

"పేరు లేకుండా ఎట్లా నమోదు చేస్తాం? ఆ కవరన్నా తెచ్చావా?"

"కాల్చేశానండి."

రత్నరాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇలాంటివి కాగితం మీదికి ఎక్కితే అందరికీ ముప్పేనని, అందరికంటే ముందు ఆ పాఠం చెప్పిన టీచరుకే ముప్పని మెల్లగా అన్నారు. పాఠం చెప్పిన తీరు సంగతి ఏమిటని అడిగారు. అబద్ధం సలోమికి ఒక్కసారే, ఆ పిల్ల ముందు, అక్కరకొచ్చింది. ఇక్కడ రాలేదు.

"నేనొక మాట కలిపానండి. నమ్ముకోటం అంటే ఏందని పిల్ల అడిగితే, అది లేకపోతే బతకలేం అనుకునేది అన్నాను."

గదిలో ఊపిరి తేలికపడింది. నేను విన్నాను.

"అదీ సంగతి," అన్నారు మాస్టారు. "ముద్రించినట్టు చెప్పలేదు. ఇక తప్పు పాఠానిదెట్లా అవుతుంది? ఒక్క పిల్ల అర్థం చేసుకోకపోతే…"

"అర్థం చేసుకోకపోవటం కాదండీ," అంది సలోమి. గొంతు పెంచలేదు. "పది మంది పిల్లలు ఇంట్లో చేతికి అందింది తెచ్చారు. ఆ పిల్ల ఒక్కతే మీరు రాసింది అర్థం చేసుకుంది."

టీ వచ్చింది. తాయెత్తు మాట మళ్లీ పెట్టండి, లేదంటే పాఠమే తీసేయండని ఆమె అడిగింది. కేసుల భయం అలాగే ఉందన్నారు రత్నరాజు గారు. పన్నెండు పాఠాలు పన్నెండు వారాలకు సరిపోయాయని, ఒకటి తీస్తే లెక్క తప్పుతుందని అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు కదా. ఫారం కింద ఆయన ఇలా రాశారు: 'పాఠం ఆమోదయోగ్యం. టీచరు నిబంధన పాటించలేదు. ఇకపై ముద్రించినది మాత్రమే చెప్పవలెనని అందరికీ సూచన.' అందరూ సంతకాలు పెట్టారు.

ప్రెస్సుకు పంపే ముందు నా అంచుల్లోని పెన్సిలు రాతలన్నీ రబ్బరుతో చెరిపేశారు. ఆరో పాఠం అంచు దగ్గర కాగితం కొంచెం పలచబడింది. అంతే మిగిలింది.

సలోమి ఆదివారం బడి మానేసింది. మానేసిందని ఆమెను మెచ్చుకునే వాళ్లుంటారు. నేను మెచ్చుకోను. యోనాకు నిజం చెప్పి ఉంటే అతను వచ్చి కమిటీ బల్ల తిరగేసేవాడు. కానీ కూతురి మొహం చూడగలిగేవాడా? నాకు తెలియదు. ఆమెకూ తెలియకే ఊరుకుంది. ఆ పిల్లను మాత్రం రోజూ అంగన్‌వాడీకి పిలిచి జడలు వేస్తుందని విన్నాను.

ఇప్పుడు నేను కమిటీ గదిలో ఇనప బీరువాలో ఉన్నాను. తలుపు సరిగ్గా పడదు. ఆ సందులోంచి గోడ మీది పాఠాల పట్టిక కనిపిస్తుంది. మా సంఘాల్లో ఒక ఆదివారం అన్ని ఊళ్లలోనూ ఒకే పాఠం. నాలుగు వేల ప్రతులు నూట ఎనభై ఊళ్లకు వెళ్లాయి. నాకంటే అందంగా ఉన్నాయి. రంగు బొమ్మలు, నున్నటి కాగితం. వాటి అట్టల మీద ముద్ర లేదు. అంచులు తెల్లగా ఉన్నాయి.

పోయిన ఆదివారం ఆరో పాఠం చెప్పారు. ఇవాళ ఆదివారం. ఈపాటికి పిల్లలు తలలు దువ్వుకుని, సంచులు పట్టుకుని చర్చిలకు చేరుకుని ఉంటారు. ఎక్కువ సంచుల్లో బీడీ కట్టలే ఉంటాయి, రిమోట్లే ఉంటాయి. ప్రతి ఊళ్లోనూ ఒక్క తెలివైన పిల్ల ఉండాలని లేదు.

టీచర్లు నక్షత్రాలు అంటిస్తుంటారు. సంచుల్లో ఏముందో ఎవరూ చూడరు. ఇంకా నాలుగు వారాలుంది.