దారి తప్పిన అరటిపండు

ఏడో తరగతి పిల్లలకు సైన్స్ టీచర్ ట్యాబ్‌లు పంచి, బొమ్మలు గీసి గొంతు కలిపితే చిన్న పాఠంగా మారే యాప్ ఒకటి నేర్పింది. మనం తిన్నది ఎలా అరుగుతుందో ఎవరికి వాళ్లు సొంతంగా చెప్పాలంది. పాఠాలైతే వచ్చాయి గానీ, అన్నీ ఇంటర్నెట్‌లోంచి ఎత్తి అతికించినవే.

"ఇది ఎవరికి చెబుతున్నావురా?" అని ఒకణ్ణి అడిగింది.

"మార్కులకు, టీచర్!"

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజుల్లోనే, క్లాసులో అందరూ తుర్రుపిట్ట అని పిలిచే పిల్ల మెట్ల మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. ఆ పిల్ల నడవగా చూసినవాళ్లు లేరు, ఎప్పుడూ పరుగే. ఇప్పుడు కట్టుతో మంచానికి అతుక్కుపోయింది. బళ్లో దాని పక్కన కూర్చునే నేస్తానికి 'నిదానం' అని పేరు. రాసిందే చెరిపి మళ్లీ రాస్తుంది, క్లాసులో నోరు విప్పదు.

టీచర్ నిదానాన్ని పిలిచింది. "మార్కుల సంగతి వదిలెయ్. తుర్రుపిట్టకు పాఠం పోయింది కదా, దానికి అర్థమయ్యేలా చెప్పు, చాలు."

నిదానం ఇంట్లో వంటింటి బల్ల ముందు కూర్చుని, అరటిపండు ముక్కకు కళ్లూ కాళ్లూ గీసింది. "ఒసేయ్, కాస్త నమిలి మింగవే! నీకు అన్నిటికీ తొందరే!" అని ఆ ముక్క చేత అనిపించింది. క్లాసులో ఎవరూ వినని గొంతు అందులో గలగలలాడింది.

అది పంపితే తుర్రుపిట్ట చూసి పడీపడీ నవ్వి, జవాబు రికార్డు చేసి పంపింది. "ఏమే, నీ పండు ఎటు పోతోందో చూశావా? గొంతులో రెండు గొట్టాలుంటే గాలి పోయేదాంట్లోకి దూర్చావు! ఊపిరాడక చచ్చిపోతానే నేను!"

నిదానం పుస్తకం తీసి చూసుకుంది. నిజమే. మొహం చిన్నబోయింది. చేసిందంతా తుడిచేసి, మర్నాడు ట్యాబ్ తెచ్చి టీచర్ బల్ల మీద పెట్టేసింది. "నాకు రాదు టీచర్."

సంగతంతా విని టీచర్ నవ్వింది. "నువ్వు తుడిచేస్తే ఏం, దాని దగ్గరుందిగా! తప్పు పట్టిందంటే దానికి పాఠం వచ్చేసినట్టే. సరే గానీ, పండు నిజంగా అటు పోతే ఏమవుతుంది?"

"దగ్గొస్తుంది."

"మరి అదీ చెప్పెయ్యొచ్చుగా?"

సెలవు రోజున నేస్తాలిద్దరూ తుర్రుపిట్ట మంచం మీదే పని మొదలుపెట్టారు. దారి తప్పిన ముక్కను దగ్గు బయటికి తోసేస్తుంది. రెండోసారి గాలిగొట్టం మీద చిన్న మూత పడి, ముక్క సరైన దారిన పోతుంది. బొమ్మలు కుదిరాయి. దగ్గే కుదరలేదు. తుర్రుపిట్ట దగ్గబోతే నవ్వొస్తోంది, నిదానం దగ్గితే వినబడటం లేదు.

"నాన్నమ్మా, ఒక్కసారి వచ్చి దగ్గవా?" అని తుర్రుపిట్ట కేకేసింది.

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న నాన్నమ్మ కస్సుమంది. "నిక్షేపంలా ఉన్నదాన్ని, నాకేం దగ్గే?"

అంటూనే వచ్చి మంచం అంచున కూర్చుంది, గొంతు సవరించుకుంది. ఆ తర్వాత దగ్గిన దగ్గుకు పక్కింటావిడ మంచినీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమైందండీ!" అన్న ఆవిడ కంగారు కూడా రికార్డయింది. పిల్లలు దాన్నీ ఉంచేశారు.

క్లాసులో ఆ పాఠం వేస్తే గది గదంతా నవ్వులే. మూత సంగతి ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. "మరి నవ్వుతూ తాగితే నీళ్లు ముక్కులోకెందుకొస్తాయి?" అని ఎవరో అడిగారు. నిదానం లేచి నిలబడింది. మొదటి మాట ఎవరికీ వినబడలేదు, రెండోది వినబడింది. మార్కులకు చెప్పిన పిల్లాడు తనది తీసేసి, వాళ్ల చెల్లికి చెబుతానని ట్యాబ్ అడిగి తీసుకెళ్లాడు.

ఆ సాయంత్రం టీచర్‌కు ఫోన్ వచ్చింది.

"నేను తుర్రుపిట్ట నాన్నమ్మను మాట్లాడుతున్నానమ్మా. పేగులు కదిలేలా దగ్గాను. నా పేరెక్కడా వెయ్యలేదేం?"

మర్నాడు పాఠం చివర 'దగ్గు: నాన్నమ్మ' అని పెద్ద అక్షరాలతో చేరింది. తుర్రుపిట్ట చూపిస్తే, నాన్నమ్మ కళ్లజోడు వెతికి పెట్టుకుని మరీ చూసింది. మళ్లీ మొదటినుంచీ వేయమంది.